చిలకలపూడి ఇంజన్

అంతోని ఫోటో పేపర్లో పడింది జీవితంలో ఒక్కసారే. ఆ ఒక్క ఫోటోకి డేనియల్ గారు ముప్పై అయిదేళ్లుగా అతన్ని తిడుతూనే ఉన్నారు.

వాళ్లిద్దరూ నడిపిన ఆవిరి ఇంజన్‌ని ఆపేసిన రోజు తీసిన ఫోటో అది. డేనియల్ గారు డ్రైవరు, అంతోని బొగ్గు వేసే ఫైర్‌మన్. కుర్రతనం కదా, ఎవరో వేసిన పూలదండ మెళ్లో ఉంచుకుని, తల దువ్వుకుని, కెమెరాకి ఎదురుగా నడిమధ్యన నిలబడ్డాడు. ఫోటోలో అతని చొక్కా గుండీలు అయిదూ లెక్కపెట్టుకోవచ్చు. ఇంజన్ది మాత్రం అతని చెవి పక్కన పొగగొట్టం ముక్క కనిపిస్తుంది, అంతే. నెల తిరక్కుండా దాన్ని తుక్కు కింద కోసేశారు. ఇంకో ఫోటో ఎవరి దగ్గరా లేదు.

"ఇరవై ఏళ్లు నడిపాన్రా దాన్ని. ఉన్నది ఒక్క ఫోటో. అందులో నువ్వున్నావు," అంటారు డేనియల్ గారు, అంతోని భవానీపురంలో ఆయన ఇంటికి వెళ్లినప్పుడల్లా. అంతోని అయినా వెళుతూనే ఉంటాడు. తనకి పని నేర్పిన మనిషి తిడితే వినడం కూడా పనిలో భాగమేనని అతని ఉద్దేశం.

కిందటి వానాకాలంలో ఆయన కంటి నరాలు ఎండిపోతున్నాయని డాక్టరు తేల్చేశాడు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాల నాటికి వెలుతురూ మెరుపూ తప్ప ఏమీ ఆనకపోవచ్చట. ఆ సంగతి విన్న రోజు అంతోని భవానీపురం నుంచి గుణదల దాకా బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాడు. ఇంటికి రాగానే కూతురు క్రిస్టినాకి ఫోన్ చేసి, తమ ఇంజన్ నమూనాగా ఇంగ్లండులో అమ్మే ఇత్తడి బొమ్మ కిట్టు ఒకటి తెప్పించమన్నాడు. ఆయన చూపు పోయేలోగా ఆ ఇంజన్‌ని ఒక్కసారి ఆయన కళ్ల ముందు పెట్టాలి. అదీ అతని పట్టుదల.

పార్సిల్ వచ్చింది. అందులో ఇంజన్ లేదు. పలుచటి ఇత్తడి రేకులు ఆరున్నాయి. యాసిడ్‌తో ఇంజన్ భాగాలన్నీ వాటి మీద కోసి, ఊడిపోకుండా అక్కడక్కడ సన్నటి అతుకులు వదిలారు.

"ముగ్గు అచ్చులు తెప్పించారేంటండీ?" అంది భార్య అమలమ్మ.

"ఇంజనే ఇది. మడిచి అతికించాలి."

అమలమ్మ రేకునీ మొగుణ్ణీ ఒకసారి చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

మడిచే చోట సగం లోతున గీతలున్నాయి. గీత లోపలికి వచ్చేలా మడవాలని కిట్టుతో వచ్చిన కాగితంలో ఉంది. ముప్పై ఆరేళ్లు రైల్వేలో చేసినవాడు బొమ్మ ఇంజన్‌కి కాగితం చూడ్డమేమిటని అంతోని చూడలేదు. మొదటి ముక్క విరిగాక చూశాడు.

మడవడం వచ్చింది గానీ అతకడం రాలేదు. డ్రైవరు క్యాబ్ ఎక్కే ఈ మెట్టుకి టంకం పెడితే ఆ వేడికి పక్క మెట్టు ఊడేది. దాన్ని పెడితే ఇది ఊడేది. డిసెంబరంతా ఈ రెండు మెట్లతోనే గడిచింది.

జనవరిలో మొత్తం పట్టుకుని ఆటోనగర్ వెళ్లాడు. అక్కడ లారీల రేడియేటర్లు బాగుచేసే చక్రి ఇత్తడి అతకడంలో దిట్ట. సాయంత్రానికల్లా బాయిలరూ, చట్రమూ, క్యాబూ నిలబెట్టేశాడు. రేడియేటర్ల అలవాటు కొద్దీ బాయిలర్‌ని నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టి కూడా చూశాడు.

"ఒక్క బుడగ వస్తే ఒట్టండీ," అన్నాడు.

బుడగ ఎలా వస్తుంది? పొగగొట్టం కన్నంతో సహా కనబడ్డ ప్రతి కన్నాన్నీ పూడ్చేశాడు మహానుభావుడు. అంతోని రెండు రోజులు కూర్చుని వాటిని మళ్లీ తొలిచాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అంత గట్టి బాయిలర్ అతను సర్వీసులో చూడలేదు.

ఇక మిగిలినవి పట్టుకుని ఎక్కే చేతికడ్డీలు, మెట్లు, ఈల. ఒక్కోటి బియ్యపు గింజంత. చక్రి తన బొటనవేలంత టంకం కడ్డీని చూసుకుని, తన వల్ల కాదన్నాడు.

దారి చూపించింది అమలమ్మే. ఆమె కమ్మలు ఊడినప్పుడల్లా బాగుచేసే గంగారత్నం అనే ఆవిడ బందరు పక్కన చిలకలపూడిలో ఉంది. ఇంట్లో కూర్చుని కవరింగ్ నగలు చేస్తుంది. ముక్కుపుడకకి రాయి కూర్చే చేతులకి ఈలొక లెక్కా? అంతోని రైలెక్కి వెళ్లి, బొమ్మల కాగితం చూపించి, ఏది ఎక్కడ అతకాలో చెప్పి వచ్చాడు.

ఉత్సవాలు నాలుగు రోజులున్నాయనగా ఫోన్ వచ్చింది. "అయిపోయిందన్నయ్యగారూ. వచ్చి తీసుకెళ్లండి."

ఎర్ర కాగితం పరిచిన నగల పెట్టెలో పెట్టి ఇచ్చింది. మూత తీశాడు. పొగగొట్టం నుంచి చక్రాల దాకా ఇంజన్ ధగధగా మెరుస్తోంది. చేతికడ్డీలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి. అన్నిటికీ బంగారు పూత.

"ఇదేంటమ్మా? నల్లరంగు వేయాలి దీనికి!"

"నలుపా?" గంగారత్నం నొచ్చుకుంది. "ఇత్తడి ఇత్తడిగా ఇంతవరకూ నా గడప దాటలేదండీ. చూసినవాళ్లు గంగారత్నానికి పని రాదనుకోరూ? మీ నుంచి పైసా తీసుకోను, నా తృప్తికి వేశాను. రెండేళ్లు గ్యారంటీ. చెమట మాత్రం తగలనివ్వకండి."

అంతోనికి ఏడుపొచ్చినంత పనయింది. అంత ప్రేమగా చేసిన మనిషిని ఏమనగలడు? థ్యాంక్స్ చెప్పి రైలెక్కాడు. ఎదుటి సీటులో ఆవిడ అతని ఒళ్లో పెట్టె చూసి, "అమ్మాయి పెళ్లికా అన్నయ్యగారూ?" అంది.

"ఇంజనండి."

ఆవిడ బందరు నుంచి బెజవాడ దాకా మళ్లీ మాట్లాడలేదు.

స్టేషన్లో దిగి నల్లరంగు డబ్బా కొన్నాడు. వేసి ఆరబెట్టడానికి మూడు రోజులు చాలనుకున్నాడు. మర్నాడు పొద్దున మూత తీయబోతుంటే డేనియల్ గారి కోడలు దీవెన ఫోన్ చేసింది.

"అంకుల్, మామయ్యగారికి నిన్నట్నుంచి నా మొహం కూడా ఆనట్లేదు. ఏదో తెస్తానన్నారుగా, ఇవాళే తెచ్చెయ్యండి."

అంతోని పెట్టెతో పాటు రంగు డబ్బా కూడా సంచిలో వేసుకుని బయల్దేరాడు. డబ్బా ఎందుకో అతనికే తెలీదు.

డేనియల్ గారు కిటికీకి ఎదురుగా కుర్చీలో ఉన్నారు. అంతోని ఆయన ముందు స్టూలు వేసి, దాని మీద ఇంజన్ పెట్టి, కిటికీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గురువుగారూ, మన ఇంజన్ చేశానండి. రంగు తప్పిపోయింది, క్షమించండి."

ఆయన మొహం ముందుకు చాచి చాలాసేపు వెతికారు.

"ఏదో నల్లగా అడ్డం ఉందిరా."

"అది నేనండి."

"ఇప్పుడూ నువ్వేనా? తప్పుకో."

అంతోని పక్కకి జరిగాడు. కిటికీలోంచి ఎండ తిన్నగా ఇంజన్ మీద పడింది.

డేనియల్ గారు వేలెత్తి, గాలిలోనే, పొగగొట్టం దగ్గర మొదలుపెట్టి బాయిలర్ మీదుగా క్యాబ్ దాకా మెల్లగా గీశారు. ఎక్కడా తప్పు పోలేదు.

"బంగారం పూశావేంట్రా?"

"చిలకలపూడిదండి."

"నల్లదైతే నువ్వు చెప్పింది నమ్మి ఊరుకోవాల్సొచ్చేది." ఇంజన్ని ఒళ్లోకి తీసుకుని వేళ్లతో తడిమారు. "ఈల కుడివైపు పెట్టావు. మనది ఎడమ."

"అవునండి. తప్పయిపోయింది."

"అమ్మాయ్ దీవెనా! ఫోన్ తెచ్చి ఒక ఫోటో తియ్యి. వీణ్ణి మాత్రం నా వెనక్కి పంపించు."

అంతోని వెళ్లి కుర్చీ వెనక వంగి నిలబడ్డాడు. ఆ ఫోటోలో ఇంజన్ మొత్తం పడింది. పొగగొట్టం పక్కన అంతోని చెవి కనిపిస్తుంది, అంతే.