నీలం మీద పసుపు గీతలు

వాణ్ణి ఇంట్లోవాళ్ళూ బయటివాళ్ళూ అందరూ డౌటు అనే పిలుస్తారు. ఊరికే వచ్చిన పేరు కాదు, కష్టపడి సంపాదించుకున్నాడు. చెప్పులు కొనడానికి వెళ్తే కుడికాలికి ఒక జతలోదీ, ఎడమకాలికి ఇంకో జతలోదీ వేసుకుని, దుకాణం వాడు లైట్లు ఆర్పేదాకా అద్దం ముందు నిలబడే రకం. అలాంటివాడికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. టై లేకుండా వెళ్ళావంటే ఊరుకోనని కాలేజీ మాస్టారు గట్టిగా చెప్పారు. ఇక చూడండి వాడి అవస్థ!

నవ్వులాట వ్యవహారం కాదులెండి. చివరి ఏడాది వాళ్ళు ఏదో ఒక ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేసి తీరాలి, లేకపోతే పట్టా చేతికి రాదు. తోటివాళ్ళందరికీ ఎక్కడో ఒకచోట దొరికింది, వీడొక్కడే మిగిలాడు. మిగిలిన ఆఫీసు కూడా ఒక్కటే. ఇళ్ళకూ భవనాలకూ ప్లాన్లు గీసే ఆఫీసు. అక్కడ కాదంటే ఏడాది చదువు గాలికి పోయినట్టే.

ఇంట్లో టై కట్టే మగవాడు బావ ఒక్కడే. మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగే ఉద్యోగం ఆయనది. అంచేత ఆ విషయంలో ఆయన మాటే శాసనం. అక్కను వెంటబెట్టుకుని, సంచీలో టైలు కుక్కుకుని, పెళ్ళివారికి చీరలు చూపించేవాడిలా వచ్చి కూర్చున్నాడు.

"ముందు ఎరుపు చూడు. దీన్ని మాత్రం కట్టకు. ఇంటర్వ్యూ చేసేవాడి కంటే నువ్వే పెద్ద ఆఫీసర్‌లా కనబడతావు. వాడికి ఒళ్ళు మండుతుంది."

"మరి ఎందుకు తెచ్చావు బావా?"

"కట్టకూడదని చెప్పడానికేరా."

నలుపుది తీశాడు. ఎవరో పోయినట్టుంటుందని అక్క అడ్డం పడింది. మూడోది లేత నీలం, దాని నిండా సన్నటి తెల్లచుక్కలు. డౌటు దగ్గరికి తీసుకుని చూస్తే అవి చుక్కలు కావు, మందుబిళ్ళలు. కంపెనీ వాళ్ళు ఊరికే పంచిపెట్టిన టై అది.

"దూరం నుంచి చుక్కల్లాగే ఉంటాయిలే," అన్నాడు బావ.

"దగ్గరికొస్తే తలనొప్పి బిళ్ళల్లా ఉంటాయి. వీడి మాటలు విన్నాక వాళ్ళకి అవసరం పడతాయి కూడా," అంది అక్క.

డౌటు తల పట్టుకున్నాడు. మాస్టారేమో ముదురు రంగు అన్నారు, గీతలుంటే సన్నగా ఉండాలన్నారు, టై కొస బెల్టు బకిల్‌ను తాకాలన్నారు. పైక్లాసు వాళ్ళేమో ఈ కాలంలో టై ఎవడు కడుతున్నాడురా, కడితే మ్యూజియం నుంచి వచ్చావనుకుంటారు అన్నారు. బావేమో చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. ఎవరి మాట వినాలి? మూడు టైలూ మెడలో ఒకదాని మీద ఒకటి వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. దానికి ఏ రంగూ నప్పలేదు.

అప్పుడు ముందుగదిలోంచి కుట్టుమిషను ఆగిన చప్పుడు వినబడింది.

"అవన్నీ అవతల పారేయండిరా. నేను కుట్టి ఇస్తాను," అంది అమ్మ.

విడ్డూరం చూడండి. అమ్మ పనే టైలు కుట్టడం! యూనిఫాంల దుకాణం వాళ్ళు గుడ్డ పంపిస్తారు, అమ్మ బడిపిల్లల టైలూ బెల్టులూ కుట్టి ఇస్తుంది. ముందుగదిలో కాలు పెడితే టై తగలాల్సిందే. మంచం మీద టైలు, కిటికీ చువ్వలకు టైలు. కానీ అవన్నీ మెడకు ఎలాస్టిక్ తగిలించిన జానెడు ముక్కలు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు కాబట్టి వాటి వంక ఎవడు చూస్తాడు? పూర్తయిన కట్టల్ని సంచీలో వేసుకుని బళ్ళ దగ్గర దింపి రావడం వరకే వాడికి తెలుసు.

అమ్మ గుడ్డను ఏటవాలుగా కత్తిరించింది. లోపల దళసరి గుడ్డ పెట్టి, అంచులు చేత్తో కుట్టి, ఇస్త్రీ చేసింది. ముదురు నీలం మీద ఏటవాలుగా సన్నటి పసుపు గీతలు. వాడి మెడలో వేసి తనే ముడి కట్టింది. కొస సరిగ్గా బకిల్ దగ్గర ఆగింది. మాస్టారు చెప్పిన లక్షణాలన్నీ ఉన్నాయి.

"అదిరింది!" అన్నాడు బావ, కొంచెం కుళ్ళుగానే.

"నిజంగా బాగుందంటావా అమ్మా? గీతలు మరీ..."

"నోరు మూసుకో నాన్నా," అంది అమ్మ. అని, రెండడుగులు వెనక్కి వేసి వాడి వంక చాలాసేపు చూసింది. ఆ చూపేమిటో వాడికి అర్థం కాలేదు. ఇంటర్వ్యూ దిగులులో ఉన్నవాడు అడగనూ లేదు.

మర్నాడు ఆఫీసులో అద్దాల గదిలోకి పిలిచారు. బల్లకు అవతల ఇద్దరున్నారు. ఒకాయన కళ్ళద్దాలు నుదుటి మీదకు నెట్టుకున్న బట్టతల పెద్దాయన, ఆఫీసుకు యజమాని. పక్కన ఒక మేడమ్, ప్లాన్లు గీసే విభాగానికి పెద్ద. ఆవిడ పెన్సిలుతో బల్ల మీద చిన్నగా కొడుతోంది. డౌటు డ్రాయింగుల చుట్టను గుండెకు హత్తుకుని నమస్కారం పెట్టాడు.

పెద్దాయన తల ఎత్తాడు. కళ్ళద్దాలు కిందకి దించుకున్నాడు. మొహం వెలిగిపోయింది.

"ఓహో! మనవాడే! కూర్చో, కూర్చో!"

ఏ రకంగా మనవాణ్ణి? డౌటుకి అర్థం కాలేదు. దూరపు చుట్టమా? అమ్మ ఎప్పుడూ చెప్పలేదే! అయినా నవ్వుమొహంతో కూర్చోమన్నవాణ్ణి ఎందుకని ఎలా అడుగుతాం? కూర్చున్నాడు.

"పీటీ మాస్టారు ఇంకా ఉన్నారా? ఆ ఈల మాస్టారు?"

"ఉ... ఉన్నారు సార్." ఉన్నారు మరి. వాడికి తెలిసిన ఈల మాస్టారు ఒక్కరే, ఆయన నిజంగానే ఉన్నారు. కానీ ఆయన సంగతి ఈయన తననెందుకు అడుగుతున్నట్టు?

"ఆయన అరిస్తే గోడ అవతలికి వినబడేది."

"ఇప్పటికీ వినబడుతుంది సార్."

పెద్దాయన బల్ల చరిచాడు. "విన్నారా మేడమ్? మార్పేం లేదు! ఆ వెనక గేటు ఉందా, తీసేశారా?"

"ఉంది సార్. వెనక గేటు నాకు బాగా తెలుసు."

"తెలీకేం! గోడ దూకే బాపతన్నమాట!" అని పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వాడు. డౌటు కూడా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో వాడికే తెలీదు. ఎదుటివాళ్ళు నవ్వుతుంటే మొహం ముడుచుకుని కూర్చుంటే బాగుండదని నవ్వాడు. మేడమ్ మాత్రం నవ్వలేదు. పెన్సిలు ఆపి, వాడి చేతిలోని చుట్ట వంక చూసింది.

"సార్, డ్రాయింగులు చూద్దామా?" అంది.

"చూడ్డానికేముంది మేడమ్? మన బడివాడు. ఆ టై చూడగానే ప్రాణం లేచి వచ్చిందనుకోండి! మా రోజుల్లో ఈ పసుపు గీత ఇంకాస్త వెడల్పుండేది. పెద్దవాడివయ్యాక కూడా అదే గుడ్డ కట్టుకుని వచ్చావు చూడు, అదీ అభిమానమంటే. సోమవారం నుంచి వచ్చెయ్ నాయనా."

డౌటు తన గుండెల మీదకు చూసుకున్నాడు. నీలం మీద పసుపు గీతలు. సంచీలో కట్టలు కట్టలుగా మోసుకుని, ఆ పెద్ద బడి వెనక గేటు దగ్గర దింపి వచ్చే టైలు. వాటి గుడ్డే! వాడి పై ప్రాణాలు పైనే పోయాయి.

"థ్యాంక్యూ సార్," అన్నాడు. వాడి నోరు వాడి మాట వినకుండా అనేసింది. లేచాడు. తలుపు దాకా నడిచాడు.

నోరు మూసుకుని వెళ్ళిపో, ఒక్క అబద్ధం కూడా ఆడలేదు నువ్వు, అంది లోపల ఒక గొంతు. అడిగిందానికి జవాబు చెప్పావు, అంతేగా? ఆడకపోతే మాత్రం, ఆయన దేన్ని చూసి రమ్మన్నాడో నీకు తెలీదా, అంది ఇంకో గొంతు. ఏడాది పోతుందిరా వెధవా! పోతే? సోమవారం నుంచి ఆరు నెలలు ఆయన రోజూ బడి కబుర్లు అడిగితే ఏం చెబుతావు? వెనక గేటు ఒక్కటే తెలుసు నీకు. తలుపు పిడి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అమ్మ గుర్తొచ్చింది, మాస్టారు గుర్తొచ్చారు. చెమటకు మెడ దగ్గర టై ముడి తడిసిపోయింది.

వెనక్కి తిరిగాడు.

"సార్, నేను ఆ బళ్ళో చదువుకోలేదు."

పెద్దాయన ముందుకు వంగి టై వంక చూశాడు.

"మా అమ్మ ఆ బడికి టైలు కుడుతుంది. ఇదీ ఆవిడే కుట్టింది. ఏ గుడ్డో నేను చూసుకోలేదు సార్. మీరు చెప్పేదాకా నాకు తట్టనే లేదు."

పెద్దాయన మొహంలో వెలుగు ఆరిపోయింది. "మరి పీటీ మాస్టారు ఉన్నారన్నావు?"

"ఉన్నారు సార్. టైల కట్టలు ఆయనే దించుకుంటారు. ఆలస్యమైతే నన్ను కూడా అరుస్తారు."

మేడమ్ ఒక్కసారి పకపకా నవ్వింది. ఆపుకోబోయి, ఆపుకోలేక, చేత్తో నోరు మూసుకుంది. పెద్దాయన ఆవిడ వంక గుర్రుగా చూశాడు. కళ్ళద్దాలు మళ్ళీ నుదుటి మీదకు నెట్టుకున్నాడు.

"వచ్చి కూర్చో. ఇప్పుడు విప్పు ఆ చుట్ట," అంది మేడమ్.

ఆ తర్వాత జరిగిందే అసలు ఇంటర్వ్యూ. ఈ తలుపు ఇటు తెరుచుకుంటే మంచం ఎక్కడ వేస్తావు, వాన నీళ్ళు ఎటు పోతాయి, ఈ మెట్లు ఎక్కేవాడి తల దూలానికి తగలదా అని ఆవిడ వాణ్ణి పిండేసింది. మెట్ల దగ్గర వాడు గుటకలు మింగాడు. "అక్కడ నాకూ అనుమానంగానే ఉంది మేడమ్. అందుకే రెండు రకాలుగా గీశాను," అని అడుగున ఉన్న ఇంకో కాగితం తీశాడు. ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. కాగితాలు పెద్దాయన ముందుకు జరిపింది. ఆయన కూడా చూశాడు.

"సోమవారం రా," అన్నాడు చివరికి, మొహం చిట్లించి. "ఆ టై మాత్రం కట్టుకురాకు."

వేళాకోళమా, కోపమా? బస్సులో దారంతా ఆలోచించినా డౌటుకి తేలలేదు. ఇంటర్న్‌షిప్ దొరికిందన్న సంతోషం కూడా బస్సు దిగాకగానీ తగల్లేదు. తగిలాక మాత్రం పరుగున ఇంటికెళ్ళి, ముందుగదిలో టైల గుట్ట పక్కన కూలబడి, జరిగిందంతా అమ్మకు పూసగుచ్చినట్టు చెప్పాడు. అమ్మ నవ్వింది, మొహం మీద చెమట తుడిచింది, మంచినీళ్ళిచ్చింది. ఒక్క సంగతే వాడికి మింగుడు పడలేదు.

"నేను వెర్రివెధవను, చూసుకోలేదు. చీకట్లో చేత్తో తడిమి ఇది ఫలానా బడి గుడ్డ అని చెబుతావే, నీకెలా తట్టలేదమ్మా?"

అమ్మ మిషను మీద ఉన్న గుడ్డను సరిచేసింది. సరిగ్గానే ఉన్నదాన్ని మళ్ళీ సరిచేసింది.

"తట్టకేం. తెలిసే కుట్టాను."

"తెలిసా?" అన్నాడు డౌటు.

"నువ్వు చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుని ఆ బడికి వెళ్ళాను నాన్నా. ముందు గేటుకే వెళ్ళాను. చేర్చుకోం అన్నారు. సరేలే అని వచ్చేశాను, తర్వాత వాళ్ళ టైల పనే నా చేతికొచ్చింది. ఎన్ని వందల మంది పిల్లలకు కుట్టానో! కుట్టిన ప్రతిసారీ నీ మెడ కొలతే మనసులోకి వచ్చేది. ఒక్కసారి నీ మెడలో చూసుకుందామనిపించింది, అంతే. పెద్దాఫీసులో ఎవరు గుర్తుపడతారులే అనుకున్నాను." "నీ ఏడాది పోగొట్టేదాన్ని కదరా. ఎంత పిచ్చిదాన్ని!"

వాడికి ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఆ కోపం అమ్మ మీదా, గేటు దగ్గర కాదన్నవాళ్ళ మీదా, ఏమీ తెలీకుండా ఇన్నేళ్ళు కట్టలు మోసిన తన మీదా అన్నది తెలీలేదు. జేబులో చెయ్యి పెట్టాడు. బస్సులో విప్పేసి కుక్కిన టై చేతికి తగిలింది. తీసి, ముడతలు సాపు చేసి, మెడలో వేసుకుని అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నాకు ముడి కట్టడం రాదు," అన్నాడు.

అమ్మ కళ్ళు తుడుచుకుని కట్టింది.