నమూనా నీళ్ళు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో త్రికోటేశ్వరరావు ముక్కంటిపేటకు ఇంజనీరుగా వచ్చాడు. నరసరావుపేట నుంచి గురజాల పోయే దారికి కాస్త లోపలగా ఉన్న చిన్న పట్నం అది. అంతా సున్నపురాయి నేల. ఊళ్ళో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే పడతాయి. మంచినీళ్ళ బావి ఊరి బయట, చిన్న కొండలాంటి గట్టు వారన ఒక్కటే ఉంది. ఆడవాళ్ళ పొద్దంతా ఆ బావి దారిలోనే గడిచిపోయేది.

త్రికోటేశ్వరరావుది ఆ దగ్గర్లోని రొంపిచెర్లే. మద్రాసులో చదివి వచ్చినా, నీళ్ళబిందె బరువేమిటో తెలిసినవాడు. అందుకే ఎండను లెక్కచేయక ఊరంతా కొలిచాడు. గట్టు మీద పెద్ద తొట్టి, అక్కడి నుంచి గొట్టాలు, బజారుకొక, అంటే వీధికొక కుళాయి. ముప్పై ఏళ్ళ తరువాత ఊళ్ళో జనం ఎంతవుతారో కూడా అంచనా వేసి, ఏ బజారుకు ఎంత లావు గొట్టం కావాలో పటాలు గీశాడు. మునిసిపల్ సభ్యులు ఆ పటాలను అటు తిప్పి ఇటు తిప్పి చూసి బల్ల మీద పెట్టేశారు.

చైర్మన్ గోపాలకృష్ణయ్య పెద్ద రైతు. మనసులో మాట దాచుకోడు. "అబ్బాయ్, ఈ గీతల్లో మాకు ఊరు కనపట్టంలా. నీళ్ళెట్టా పారతయ్యో కళ్ళకు చూపించు, చెయ్యెత్తుతాం" అన్నాడు.

త్రికోటేశ్వరరావుకు ఆ మాట న్యాయంగానే తోచింది. రేకుపని చేసే జహంగీర్‌ను పిలిపించి, మునిసిపల్ ఆఫీసు వసారాలో బల్ల మీద ఊరి నమూనా కట్టించాడు. బంకమట్టితో బజార్లు, చివరన గట్టు, గట్టు మీద రేకుతొట్టి, వేలెడు లావు గొట్టాలు, గోరంత కుళాయిలు. పారిన నీళ్ళు బయటికి పోవడానికి గోడ పక్కన ఒక తూము పెట్టాడు.

తొట్టి నింపిన రోజున బజారు బజారుకూ నీళ్ళు దూకాయి. సభ్యులు తమ తమ ఇళ్ళను వెతుక్కుని, ఆ పక్క కుళాయి కింద వేలు పెట్టి చూసుకుని మురిసిపోయారు. అందరూ చేతులెత్తారు. పథకం పైకి వెళ్ళింది. ఇనుప గొట్టాలు దొరకడం లేదు, కొంతకాలం ఆగవలసిందని పై నుంచి జవాబు వచ్చింది.

నమూనా మాత్రం ఆగలేదు. మాచర్ల నుంచి కూడా పెద్దమనుషులు చూడటానికి వచ్చేవారు. వచ్చినప్పుడల్లా మంచినీళ్ళ బావి నుంచి పీపాబండి కట్టి తొట్టి నింపేవారు. ఉప్పునీళ్ళు పోస్తే రేకు తుప్పు పడుతుందట.

మరుసటి ఏడు ఎండలు ముదిరి బావి దగ్గర కొట్లాటలు మొదలయ్యాయి. గట్టు బజారులో ఉండే జైనాబ్ బీ ఒకరోజు ఖాళీబిందెతో నేరుగా ఆఫీసుకు వచ్చింది. ఆమె జహంగీర్‌కు పినతల్లి. కాసేపు నమూనాను చూసి ఇంజనీరుతో అంది: "ఈ బొమ్మకు దాహమైతే బండి వస్తంది. మా పిల్లలకైతే రాదంట. ఏందయ్యా ఇది?"

అతను వెంటనే లేచాడు. చైర్మన్ దగ్గరికి వెళ్ళి, గట్టు బజారుకు పీపాబండి తోలించమని అడిగాడు.

"బజార్లకు నీళ్ళు తోలటానికి పద్దు లేదబ్బాయ్. నమూనాకంటావా, దానికుంది. పథకం ఖర్చు కిందకి పోద్ది. దానికెంత కావాలంటే అంత తోలించుకో" అన్నాడు గోపాలకృష్ణయ్య.

త్రికోటేశ్వరరావు వసారాలో నిలబడి చాలాసేపు తూము వంక చూశాడు. తరువాత జహంగీర్‌ను పిలిచి, రేకుతొట్టి తీయించి దాని చోట నూనె డ్రమ్ము పెట్టించాడు. తూము నోరు వెడల్పు చేయించి, గోడ దాటించి వీధిలోకి తిప్పించాడు. మరునాటి నుంచి పీపాబండి డ్రమ్ము నింపుతూంటే నమూనా పొద్దున మొదలుపెట్టి చీకటి పడేదాకా పారింది. మట్టి బజార్లు కరిగిపోకుండా వాటికి సిమెంటు పూశారు. తూము కింద బిందెలు బారులు తీరాయి. ఏ పూట ఎంత నీరు పారిందో ప్రయోగ ఫలితాల కింద అతను శ్రద్ధగా రాసుకునేవాడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఈ సందడి విని గుంటూరు నుంచి పెద్ద ఇంజనీరు తనిఖీకి వచ్చాడు. ఆఫీసు చుట్టూ బిందెలతో ఆడవాళ్ళను చూసి విస్తుపోయాడు. "వీళ్ళంతా ఎందుకొచ్చారు?"

"నీటి సరఫరా గురించి తెలుసుకోవడానికండీ" అన్నాడు త్రికోటేశ్వరరావు.

పెద్ద ఇంజనీరు జైనాబ్ బీ వైపు తిరిగాడు. "ఏం తెలిసిందమ్మా?"

"తొట్టి పైనుంటే నీళ్ళు కిందికొస్తయ్యని తెలిసిందయ్యా" అని ఆమె నిండిన బిందె చంకనెత్తుకుంది.

ఆయన ఎంతో సంతోషించాడు. ప్రజలకింత ఆసక్తి తానెక్కడా చూడలేదన్నాడు. ఇంత మంచి నమూనా ఈ మూలన ఉండకూడదని, వెంటనే గుంటూరు ప్రదర్శనకు పంపమని హుకుం చేశాడు.

డ్రమ్ము పోతే బండి కూడా పోతుంది. త్రికోటేశ్వరరావు ఆయన వెంట రెండడుగులు వేసి, "రెండో నమూనా కట్టుకోవచ్చాండీ? ఈ చిన్న గొట్టాల్లో నీటి ఒరిపిడి లెక్క సరిగ్గా తేలడం లేదు. కొంచెం పెద్దది కావాలి" అన్నాడు.

"ఎంత పెద్దది?"

"ఒక బజారంత."

పెద్ద ఇంజనీరు ఒక క్షణం అతని ముఖంలోకి చూశాడు. నవ్వాడో లేదో తెలియలేదు. "కొత్త ఇనుము అడగనంటే కట్టుకో" అన్నాడు.

మూతబడ్డ పత్తి జిన్నింగు మిల్లులో పాత గొట్టాలున్నాయని జహంగీర్ కనుక్కొచ్చాడు. బావి ఒడ్డుకు కాస్త దిగువన, బజారు కన్నా ఎత్తులో ఇటుకల తొట్టి లేచింది. బావికి మోట కట్టారు. ఎద్దులు తోడిన నీళ్ళు కాలువ గుండా తొట్టిలో పడి, అక్కడి నుంచి గట్టు బజారు కుళాయికి వచ్చాయి. కుళాయి పక్కన 'నమూనా' అని బోర్డు పెట్టించాడు. జైనాబ్ బీ మొదటి చెంబు అతని చేతికే ఇచ్చింది. అతను నిలబడే గడగడా తాగేశాడు.

వారం తిరగకుండానే గోపాలకృష్ణయ్య వచ్చాడు. "ఏందబ్బాయ్, ప్రయోగాలన్నీ వాళ్ళ బజార్లోనేనా? మా బజారు నేల వేరు. అక్కడా ఒకటి పరీక్ష చేసి చూడాల గదా."

"చూడాలండీ" అన్నాడు త్రికోటేశ్వరరావు.

వానలు పడేనాటికి ఊళ్ళో నాలుగు బజార్లలో నమూనాలు పారుతున్నాయి. అసలు పథకం మాటేమిటని అతను పైవాళ్ళను మళ్ళీ అడిగాడు. నమూనాల ఫలితాలు పూర్తిగా తేలేదాకా పథకం మొదలుపెట్టరాదని జవాబు వచ్చింది. ఆ సాయంత్రమే అతను జహంగీర్‌ను వెంటబెట్టుకుని, అయిదో బజారుకు గొట్టం కొలవడానికి బయలుదేరాడు.