కొరకని రొట్టె

సనోబర్ నడుము దాకా తందూరులోకి వంగి, చివరి రొట్టెను లోపలి గోడకు అంటించి పైకి లేచింది. కనుబొమలు ఎప్పుడో మాడిపోయాయి. మళ్ళీ మొలిచే తీరిక వాటికి దొరకలేదు. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు, వాటి మీద కొత్తవి. మొగుడు చనిపోయిన ఏటి నుంచి కోకంద్ పట్నంలోని ఆ సందుకంతటికీ రొట్టె ఆమే కాలుస్తోంది. పెళ్ళి రొట్టె ఆమెదే, చావు రొట్టె ఆమెదే. అంతకు మించి చెప్పుకోవడానికి ఆమె బతుకులో ఏముంది గనక!

పత్తికట్టె పొగ కాస్త పైకి లేచి, పక్కనున్న హురియత్ ఇంటివైపే వాలింది. గాలి ఎటుందో చూసుకునే పొయ్యి వెలిగించింది పాపం. అయినా పొగకు సిగ్గుంటుందా? సిగ్గంతా మనిషికే. ఉమ్మడి గోడ అవతల పసిపిల్ల దగ్గింది. సనోబర్ తలగుడ్డ విప్పి పొగను ఇవతలికి విసరబోయి, తన పిచ్చికి తనే తల దించుకుంది.

అంతా ఈ పొగ దగ్గరే మొదలైంది. పోయిన వసంతంలో హురియత్ మొగుడు తోజిబోయ్ మర్నాడు రష్యాకు కూలికి బయలుదేరాలి. పిల్లకు దగ్గు తగ్గడం లేదు, పొయ్యిని ఆ చివరకు జరపమని మరోసారి అడగడానికి వచ్చాడు. మాటా మాటా పెరిగింది. బకెట్ నీళ్ళు ఎత్తి పొయ్యిలో గుమ్మరించాడు. కాలుతున్న రొట్టెలు బూడిదలో పడ్డాయి. రొట్టె బూడిదపాలు కావడం చూసి సనోబర్ కొడుకు ఇల్హోమ్‌కు ఒళ్ళు తెలియలేదు. రొట్టెలు తీసే ఇనపకొక్కెంతో కొట్టాడు. ఒక్కటే దెబ్బ. తోజిబోయ్ మళ్ళీ లేవలేదు.

కింది కోర్టు పదేళ్ళు వేసింది. ఇవాళ ఫెర్గానా పెద్ద కోర్టులో అప్పీలు.

రొట్టెలన్నీ తీశాక, వాటిలో గుండ్రంగా వచ్చినదాన్ని, నల్లజీలకర్ర ఒత్తుగా పడినదాన్ని ఏరి గుడ్డలో చుట్టింది. ఇల్లు విడిచి దూరం పోయేవాడు రొట్టె ఒక్క కొరుకు కొరికి పోవాలి. ఆ ఎంగిలి రొట్టెను గోడకు వేలాడదీస్తారు. తిరిగొచ్చి మిగతాది తినాల్సింది వాడే. ఇల్హోమ్‌ను సంకెళ్ళు వేసి తీసుకుపోయిన రోజున కొరికించాలన్న తెలివి ఎవరికుంది? తోజిబోయ్ ప్రయాణానికని ముందురోజే కొరికి ఉంచిన రొట్టె మాత్రం హురియత్ గోడకు ఇంకా ఉందట. అదీ సనోబర్ కాల్చిందే.

కోర్టు వసారాలో వకీలు ఆమెను ఓ మూలకు పిలిచాడు.

"చూడు పిన్నీ, ఆ వేళ పెరట్లో ఉన్నది మీ ముగ్గురే. ముందు అతనే నీమీద చెయ్యెత్తాడని ఒక్క మాట చెప్పు. శిక్ష తగ్గుతుంది."

"ఎత్తలేదు బాబూ."

"చచ్చినవాడు వచ్చి కాదంటాడా? నువ్వు బతికుండగా కొడుకు ఇంటికి రావాలో వద్దో నువ్వే తేల్చుకో."

లోపల కటకటాల వెనక ఇల్హోమ్ నిలబడ్డాడు. గుండు గీయడంతో చెవులు పెద్దవిగా, చిన్నప్పటి చెవుల్లాగే ఉన్నాయి. ఎదుటి బల్ల మీద హురియత్, ఒళ్ళో పిల్ల. జడ్జి పిలవగానే సనోబర్ లేచింది. గోళ్ళలో ఎండిన పిండిని చూసుకుంటూ చెప్పింది.

"ముందు అతనే చెయ్యెత్తాడు. నన్ను తోశాడు. పిల్లాడు అడ్డం వచ్చాడు."

ఎంత తేలిగ్గా వచ్చేసిందమ్మా ఆ మాట! ఇన్నాళ్ళూ నాలుక కిందే కాచుకుని ఉన్నట్టుంది.

హురియత్ అరవలేదు, ఏడవలేదు. కూర్చున్నచోటి నుంచే, నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగింది.

"మా ఆయన నీమీద చెయ్యెత్తాడా అక్కా?"

జడ్జి ఆమెను ఆపాడు. సనోబర్ తలెత్తలేదు. భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననుకుంది. భూమి ఎవరి కోసం చీలింది గనక!

మధ్యాహ్నం తీర్పు చదివారు. పదేళ్ళు ఆరేళ్ళయ్యాయి.

జైలు వ్యాను ఎక్కించే ముందు ముసలి పోలీసు "కానివ్వమ్మా, తొందరగా" అని మొహం పక్కకు తిప్పుకున్నాడు. సనోబర్ గుడ్డ విప్పి రొట్టెను కొడుకు నోటి దగ్గర పెట్టింది.

"కొరుకు నాన్నా. నాలుగేళ్ళు తగ్గాయి కదరా. కొరుకు."

ఇల్హోమ్ నోరు తెరవలేదు. రొట్టెకేసి చూశాడు.

"ఆయన నిన్ను అక్కా అనే పిలిచాడమ్మా. బకెట్ పట్టుకుని కూడా అక్కా అనే అన్నాడు."

"నీ కోసమేరా..."

"చంపింది చాలలేదా మనకి?"

సంకెళ్ళ చేతులతోనే ముందుకు వంగి, రొట్టెకు నుదురు ఆనించి, వ్యాను ఎక్కేశాడు. పోలీసు తలుపు వేశాడు.

కోకంద్‌కు వెళ్ళే బస్సు అప్పటికి ఒకటే ఉంది. హురియత్ ముందు సీట్లో, సనోబర్ ఆ వెనకే. తల్లి భుజం మీంచి పిల్ల గుడ్డమూటకేసి చెయ్యి చాచింది. రొట్టె వాసనే గానీ, అది ఎవరిదో దానికేం తెలుసు. ఓ ముక్క తుంచి పెడదామని సనోబర్ చెయ్యి లేచింది గానీ, ఏ మొహంతో పెడుతుంది? మూటను ఒళ్ళోకి లాక్కుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చి ఉమ్మడి గోడకు మేకు కొట్టబోయి, సుత్తి చప్పుడు అవతలికి వినిపిస్తుందని ఆగింది. వెతికితే పాత మేకు ఒకటి కనిపించింది. రొట్టెను దానికి తగిలించి, మర్నాటి పిండి తడపడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. గోడకు అటువైపు రొట్టె మీద పంటిగాటు ఉంది. ఇటువైపు రొట్టె మాత్రం ఒక్క గాటూ లేకుండా, గుండ్రంగా, నల్లజీలకర్రతో పెళ్ళికి కాల్చినట్టుంది.