మంగళవారం మందు

రెండో పట్టీ బిగించి ఎర్గష్ ముసలాయన పాదాల మీద అరచెయ్యి ఆనించాడు. మంచుగడ్డలు.

"ఇరవై నిమిషాలు తాతా. తుమ్మొచ్చినా మింగెయ్."

యంత్రం పలకలు కాళ్ళ మీదికి దిగాయి. చేతి నరంలోకి ఎక్కించిన మందు రక్తంతో పాటు పోతుంది. దాని అణువులు బతికున్న కండరాన్నే పట్టుకుంటాయి. పట్టుకున్న చోటు తెర మీద పసుపుపచ్చగా మండుతుంది, పట్టుకోని చోటు నల్లగా ఉండిపోతుంది. పైన చర్మం ఎంత నల్లబడ్డా లోపల ఏది బతికుందో తెరే చెబుతుంది. షుగరు తినేసిన కాళ్ళను ఎర్గష్ ఏడేళ్ళుగా ఈ ఆస్పత్రి గదిలో కడుతున్నాడు. అంతకు ముందు ఇరవై రెండేళ్ళు మార్గిలాన్ కబేళాలో గొడ్ల కాళ్ళు విరిచాడు. ఎద్దు మెడ, కొస తెగిన బొటనవేలు, ఎవరి మాటా వినని మొహం.

మందు తాష్కెంట్ నుంచి మంగళవారం పొద్దున కారులో వస్తుంది. సాయంత్రానికి దాని బలం చచ్చిపోతుంది. యంత్రం వచ్చిన రోజు రిబ్బన్లు కత్తిరించారు, పలావు వండారు, పెద్దలు ఫొటోలు దిగారు. వారానికి నాలుగు మోతాదులకు మించి మందు తెప్పించే బుద్ధి మాత్రం ఒక్కడికీ పుట్టలేదు. మిగతా ఆరు రోజులూ కత్తిదే రాజ్యం.

"ఎర్గష్ అన్నా, నాలుగో మోతాదు మీకే రాశాను," అంది తెర ముందు కూర్చున్న నఫీసా డాక్టరమ్మ. "మీ ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. ఈసారి తప్పించుకుంటే ఊరుకోను."

"నా కాలికేమైందమ్మా? నొప్పే లేదు."

"నా భయం అదే. షుగరు ముదిరిన కాలికి నొప్పి తెలీదు."

అతని భార్య ఆయ్‌దిన్‌కీ నొప్పి లేదు. రెండేళ్ళ కిందట ఆమెకు మంగళవారం ఈ యంత్రంతో ఫొటో తీశారు. బుధవారం తొడ దగ్గర కోసేశారు. డాక్టర్లు ఫొటో తెరిచి చూసింది శుక్రవారం. పిక్క నిండా పసుపు! తీయాల్సింది రెండు వేళ్ళు. అప్పటికే ఎర్గష్ ఆ కాలిని కడిగి, తెల్లగుడ్డలో చుట్టి, ఖబరస్తాన్‌లో పూడ్చి వచ్చాడు. నలభై రోజులకు మిగతా మనిషిని దాని పక్కనే దించాడు.

ముసలాయన్ని వార్డులో దింపి వస్తుంటే, ఆపరేషన్ గది ముందు వార్డుబాయ్ ఖోల్మత్ ఒక రోగుల బండి తోస్తున్నాడు. బండి మీద పట్టు నేసే మస్తూరా.

"ఎక్కడికిరా?"

"కోతకి. తొడ దాకా. తప్పుకో ముసలోడా, ఫజ్లిద్దీన్ డాక్టరు సారు చేతులు కడుక్కుని నిలబడ్డాడు."

"ఫొటో తీశారా?"

"మందెక్కడుంది? వచ్చే వారం దాకా కుళ్ళబెట్టుకుంటామా?"

మస్తూరా తల ఎత్తింది. "చలి కాచుకుంటూ సందల్ బల్ల కింద నిప్పుల గుంటలో కాలు పెట్టేశానన్నా, తెలీలేదు. దుప్పటి అంటుకుందని కోడల్ని తిట్టాను. తీరా చూస్తే కమురు కంపు నా మడమది. ఒంటికాలితో మగ్గం తొక్కే ఆడదాన్ని ఎక్కడన్నా చూశావా?"

ఎర్గష్ బండి పట్టుకున్నాడు. ఖోల్మత్ లాగాడు. "పోయి నీ పెళ్ళాం కాలు తవ్వుకో, కసాయోడా!"

పిడికిలి దవడ మీద పడింది. ఎముక పలికింది. ఖోల్మత్ గోడకు కొట్టుకుని, రక్తంతో పాటు ఒక పన్ను ఉమ్మాడు. లేచి వచ్చినవాణ్ణి ఎర్గష్ గొంతు పట్టి మళ్ళీ గోడకేసి కొట్టాడు. ఫజ్లిద్దీన్ బయటికొచ్చి అరిచాడు, "ఒరేయ్, పోలీసుల్ని పిలుస్తా!"

"పిలువు! వచ్చేలోపు ఫొటో అయిపోద్ది."

బండిని యంత్రం గదిలోకి తోసి, బూట్ల మీద తొడిగే రబ్బరు జోళ్ళు అలవాటుగా గడప బయట విడిచి, లోపలి మెత్తటి తోలు బూట్లతో లోపలికొచ్చి తలుపేశాడు. గడియ ఎప్పుడో విరిగింది, బాగుచేసిన పాపాన ఎవడూ పోలేదు. తలుపుకు వీపు ఆనించాడు.

"నా మోతాదు ఈమెకెక్కించమ్మా."

"మీకో?"

"వచ్చే మంగళవారం."

"అన్నా, మీరు..."

"సూది పొడువమ్మా!"

బయట తన్నారు. భుజాలతో గుద్దారు. ప్రతి గుద్దుకూ ఎర్గష్ వెన్ను అదిరింది, తలుపు మాత్రం కదల్లేదు. బూటులో చీము మడమ కిందికి జారుతుంటే అతనికి తెలియలేదు. పలకలు దిగాయి. తెర మీద పసుపు మెల్లగా మోకాలు దాటింది, పిక్క నిండింది, చీలమండ దాకా పాకింది. మడమ ఒక్కటే నలుపు.

"బతికుందన్నా!" నఫీసా తెర మీద పిక్క చోట వేలు పెట్టింది. "కాలిన చోట గీకేస్తే చాలు. కాలు ఉంటుంది!"

మస్తూరా ఏడ్చేసింది. ఎర్గష్ తెర వైపు చూస్తూనే తలుపు వెంట కిందికి జారి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. బయట గుద్దులు ఆగాయి.

"తలుపు తియ్యండన్నా, సారుకి చూపిద్దాం."

అతను లేవలేదు. నఫీసా వచ్చి మెడ మీద వేళ్ళు ఆనించింది. మళ్ళీ ఆనించింది. నాడి లేదు. ఫొటో చూడాలంటే ఫజ్లిద్దీన్ ఆ శరీరాన్ని తలుపుతో నెట్టుకుంటూ లోపలికి రావలసి వచ్చింది.

గడప అవతల అతని రబ్బరు జోళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. వాచిన పాదం పట్టడానికి ఎడమదాన్ని ముందు భాగంలో కత్తితో చీల్చి, విడిపోకుండా రోగుల కాళ్ళు కట్టే పట్టీతోనే బిగించి కట్టుకున్నాడు ఎప్పుడో.