పరగడుపున

లాండ్రీలో ఇస్త్రీ పెట్టెలు మూడు, ప్లగ్గులు రెండే. మూడో పెట్టె మూలబల్ల మీద ఇస్త్రీ చేసే ఆవిడది. పొద్దున్నే దాన్ని పొట్టకి ఆనించుకుని పది లెక్కపెట్టేది. సుర్రుమనేలా కాలేది. పక్కబల్ల వాళ్లు చల్లారిన టీ గ్లాసులు కూడా అందించేవాళ్లు, "కాస్త వెచ్చచేసి పెట్టమ్మా" అంటూ.

ఆ మంట పదకొండేళ్ల నాటిది. ఓనరు ఫోను మాట్లాడుతూ ఎవరిదో పెళ్లి చొక్కా కాల్చేశాడు. వాళ్లొచ్చి నిలదీస్తే, "ఇదిగో, ఈ దద్దమ్మే" అని ఈవిణ్ణి చూపించాడు. ఎంత అన్యాయం! నోటిదాకా వచ్చిన మాటని ఆవిడ మింగేసింది. అది కడుపులోనే రగులుతూ ఉండిపోయింది. ఆ కిటుకు కనిపెట్టాడు మహానుభావుడు. రోజూ కొట్టు తీయగానే "నీవి చేతులా, చెక్కలా?" అని ఏదో ఒకటి అనేవాడు. మూడో పెట్టె కాలాలిగా మరి!

ఈ మధ్య గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నడం మొదలైంది. డాక్టరు చూసి, "గొంతు కింద గొట్టమంతా కమిలిపోయిందమ్మా. ఈ మాత్ర పరగడుపున, తినడానికి అరగంట ముందు. మానేస్తే పుండు పడి రక్తం పోతుంది" అన్నాడు.

నాలుగు రోజులు వేసుకుంది. ఐదో రోజు పెట్టె గోరువెచ్చగా కూడా కాలేదు. ఓనరు ఆవిడ సంచిలోంచి మాత్రల అట్ట లాక్కుని జేబులో వేసుకున్నాడు.

"సాయంత్రం ఇస్తాలే, అన్నం తిన్నాక వేసుకో."

"పరగడుపున వేసుకోవాలండీ."

"కడుపులోకి పోయేదేగా, ఎప్పుడైతేనేం?"

ఎంత మాట! వెనక బట్టలుతుకుతున్న ఈవిడ అక్క తడిచేతులతోనే దూసుకొచ్చింది. "ఇంకా ఎన్నాళ్లు మింగుతావే? రక్తం కక్కుకుని చస్తావా? ఆ మాటే కక్కు!"

ఆవిడ పెట్టె కింద పెట్టింది.

"ఆ చొక్కా కాల్చింది మీరు." అరవలేదు. అయినా కొట్టంతా వేడెక్కిపోయింది. "మీరు కాల్చి, నన్నన్నారు. సిగ్గు లేదూ?"

బట్టల కోసం వచ్చిన గిరాకీలందరూ ఓనరు వంకే చూశారు. అతను నోరు తెరిచాడు. వచ్చిన మాట మింగేశాడు. మరుక్షణం రొమ్ము పట్టుకున్నాడు.

"అబ్బా, మంట!"

జేబులోంచి అట్ట తీసి మాత్ర వేసుకోబోయాడు. ఆవిడ లాగేసుకుంది.

"ఇది పరగడుపున వేసుకోవాలండీ. మీరు టిఫిన్ చేసి వచ్చారుగా."

పొట్ట తడిమి చూసుకుంది. చల్లగా ఉంది. సంచి భుజాన వేసుకుని, మూడో పెట్టె తీసి అతని చేతిలో పెట్టింది.

"ఆనించుకుని పది లెక్కపెట్టండి. కాలుతుంది."