కూలని ఇల్లు

నేను ఒక నమూనా ఇంటిని. విశాఖపట్నంలో ఒక ఆఫీసు బల్ల మీద తెల్ల అట్ట, జిగురు, బ్లేడు కలిసి నన్ను పుట్టించాయి. గుండ్రటి గోడ, దాని మీద గరాటు బోర్లించినట్టు కప్పు. మూరెడు ఎత్తు కూడా లేను గాని, నా పొగరుకు కొలతల్లేవు.

నన్ను గీసింది ఫణిభూషణ్ అనే ఆర్కిటెక్టు. పల్లెలు తిరిగి, గుండ్రటి మట్టి గోడల చుట్టిళ్ళను ఫొటోలు తీసుకొచ్చాడు. వాటిలోంచి పొయ్యి, దండెం, కోళ్ళగంప, మనుషులు, అన్నీ తీసిపారేసి ఒక వృత్తాన్నీ ఒక శంకువునీ మిగుల్చుకున్నాడు. అదే సంప్రదాయ సారమట. లోపల ఏముందో చూపడానికి నా గోడలో పావు వంతు కోయించాడు. తీరా కోశాక ఆ కోత మీదే మనసు పడ్డాడు. అసలు ఇల్లు కూడా అలాగే తెరుచుకుని ఉండాలన్నాడు.

సముద్రం పక్క పల్లెలో మొదటి ఇల్లు కట్టించడానికి ఒక సంస్థ ఒప్పుకుంది. కట్టేది అసిరమ్మ. పరదేశి అనే తన భర్తతో అందులో ఉండేదీ ఆవిడే. ఆ చుట్టుపక్కల ఏ చుట్టిల్లు లేవాలన్నా ఆవిడ చెయ్యి పడాల్సిందే. రోజుకు ఒక్క వరస మట్టి పెట్టేది, అది ఆరందే పై వరస ముట్టేది కాదు. నలభై ఏళ్ళలో ఆవిడ గోడ పడిందన్న మాట లేదు. ఆవిడకున్న ఆస్తల్లా ఆ పేరే.

నన్ను తెచ్చి ముందు పెడితే, తెగిన చోటు వేలితో తడిమింది.

“సుట్టు తెగ్గొడితే గోడకి బలముండదు బాబూ. గాలి లోనకొచ్చీసి కప్పు ఎత్తుకుపోద్ది.”

ఫణిభూషణ్ నవ్వి, సముద్రం కనిపిస్తుంది కదమ్మా అన్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ సముద్రాన్ని చూస్తున్న మనిషికి ఇంట్లోంచి కూడా అదెందుకో బోధపడలేదు. చదువుకున్నవాడికి తెలియదా అని సరిపెట్టుకుని, చెప్పినట్టే కట్టింది. నేను తెగ మురిసిపోయాను.

మూడో ఏట తుఫాను వచ్చింది. గాలి కోతలోంచి దూరి కప్పును లేపేసింది, తెగిన గోడ లోపలికి పడింది. పరదేశి దాని కిందే పోయాడు. పక్కనున్న పాత చుట్టిళ్ళు, అవీ ఆవిడ కట్టినవే, చెక్కుచెదరలేదు.

సంస్థవాళ్ళు విచారణకని వచ్చి, పల్లె దాకా వెళ్ళే ఓపిక లేక ఆఫీసులోనే కూర్చున్నారు. ఫణిభూషణ్ నన్ను బల్ల మీద పెట్టాడు. ఇదే డిజైను, ఇంతకాలం నిలబడలేదా, లోపం మట్టి పనిలో ఉంది అన్నాడు. ఇంతకాలమూ నేను గాజుపెట్టెలో ఉన్నాను. ఫ్యాను గాలైనా ఎరగను. ఆ సంగతి ఎవరూ అడగలేదు. పెద్దమనుషులు కదా, తలలూపి, అసిరమ్మ పేరు రాసుకుని, టీ తాగి వెళ్ళారు. ఆ మాట పల్లెకు చేరాక గోడ పెట్టడానికి ఆవిడను పిలిచినవాళ్ళు లేరు.

మొన్న నన్ను ఎగ్జిబిషన్లో పెట్టారు. పక్కన పల్లె మనిషి ఉంటే ఫొటో బాగుంటుందని అసిరమ్మకు కొత్త చీర కట్టించి తీసుకొచ్చారు. ఆవిడ నన్ను ఎత్తి నేలకేసి కొడుతుందనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను కూడా. ఆవిడ నా చుట్టూ ఒకసారి తిరిగి, తీసుకొచ్చిన మనిషితో నెమ్మదిగా అంది.

“బాబుగారి ఇల్లు సుబ్బరంగా నిలబడింది. నా మట్టే సెడ్డది. నా మనిసిని నానే సంపీసినాను.”

నామీద నాకే అసహ్యం వేసింది.

ఇల్లు సరిగ్గా కనిపించడం లేదు, కాస్త పక్కకు జరగమన్నాడు ఫొటో తీసేవాడు. ఆవిడ జరిగింది.