ఏటీ నేదు

"ఇంకో మడతెయ్యి. ఐదో నెలంటే ఆ మాత్రం ఎత్తుండాల," అన్నాడు ధనరాజ్ గుమ్మంలోంచే, ఫోను మీంచి తలెత్తకుండా.

లోవలక్ష్మి ఆరిన బట్టలు మడతపెడుతోంది. మొగుడి చొక్కాలు ఒక దొంతర, అత్తగారి చీరలు ఒక దొంతర, తన నైటీలు ఓ మూల. చేతిలో ఉన్న పాత చున్నీ మాత్రం ఏ దొంతరలోకీ వెళ్ళదు. అది ఆమె కడుపు. మడతలేసి నడుముకి కట్టి పైన లంగా బిగిస్తే, చూసినవాళ్ళు చల్లగా ఉండమని దీవించి పోయేంత కడుపు. నెల రోజులుగా రోజూ పొద్దున్న కడుతోంది, రాత్రి విప్పుతోంది, రెండ్రోజులకోసారి ఉతుకుతోంది కూడా. ఇంకో మడత వేసింది.

అసలు కడుపు పోయిన నెలలోనే పోయింది. ఇక్కడైతే ఎవరైనా గుర్తుపడతారని ధనరాజ్ ఆమెను విశాఖపట్నం తీసుకెళ్ళాడు. ముఖానికి మాస్కు పెట్టించాడు. నొప్పితో మెలికలు తిరుగుతున్నా మాస్కు తియ్యనివ్వలేదు. ఈ సంగతి తెలిసింది ముగ్గురికే: ఆమెకి, మొగుడికి, అత్త బుల్లమ్మకి. కన్నతల్లికి కూడా చెప్పకూడదు. "మీ అమ్మకి సెప్తే రోలుగుంట బస్టాండులో మైకెట్టి సెప్పినట్టే," అన్నాడు. ఇవాళ సీమంతం. చేయించేది చీరల షాపువాళ్ళు, తమ ప్రచారం కోసం. హాలు వాళ్ళదే, చీర వాళ్ళదే, వచ్చే ఆడవాళ్ళకి బొట్టు పెట్టే వెండి కుంకుమ భరిణె కూడా వాళ్ళదే. అడ్వాన్సు ఎప్పుడో వచ్చింది, ఎప్పుడో ఖర్చయింది. ఎంతని ఆమెకు తెలీదు. ఆటోకి డబ్బులు కావాలన్నా ఎక్కడికి, ఎందుకు అని చెప్పి మొగుడి దగ్గర తీసుకోవాల్సిందే.

అనకాపల్లిలో 'లవ్లీ–బావ' వీడియోలు ఎరగనివాళ్ళు లేరు. లోవలక్ష్మిని లవ్లీ చేసింది ధనరాజే. పేరు పెట్టేటప్పుడు ఆమెను అడగలేదు. వీడియో ఏదైనా తంతు ఒకటే. ఆమె మూతి ముడుచుకుని కూచుంటుంది. అతను వెనకనుంచి వచ్చి, భుజం మీద గడ్డం ఆనించి, టీవీవాళ్ళ తెలుగులో "ఏమైంది లవ్లీ?" అని అడుగుతాడు. ఆమె తల ఎగరేసి, ఊరి యాసని సాగదీసి, "ఏటీ నేదు బావా!" అంటుంది. జనం పడీపడీ నవ్వుతారు. బెల్లం మార్కెట్ దగ్గర ఆటో ఎక్కితే డ్రైవరు అద్దంలో చూసి "ఏమైంది లవ్లీ?" అంటాడు, జవాబు చెప్పేదాకా బండి కదపడు. కాలేజీ కుర్రాళ్ళు ఆ మాటను చొక్కాల మీద అచ్చేయించుకుని తిరుగుతున్నారు. కూరగాయల బజార్లో వంకాయలు పుచ్చు ఉన్నాయని గట్టిగా అడిగినా నవ్వే. ఆమె నోరు తెరిస్తే చాలు, నవ్వడానికి జనం సిద్ధంగా ఉంటారు.

ఆ మాట నవ్వుకోడానికి పుట్టలేదు. పెళ్ళైన కొత్తలో ఓ రోజు కూరలో ఉప్పు ఎక్కువైంది. "మీ అమ్మ నీకు కూరొండడం నేర్పనేదు గానీ, మగోణ్ణి పట్టడం బాగానే నేర్పినాది," అంది బుల్లమ్మ, భోజనానికి వచ్చిన నలుగురి ముందూ. ప్రేమించి చేసుకున్నందుకు ఆ ఎత్తిపొడుపు. లోవ పెరట్లోకి పోయి గిన్నెలు తోముతూ ఏడ్చింది. ధనరాజ్ వచ్చి "ఏటయ్యిందే?" అన్నాడు. ఎంత మెల్లగా అడిగాడో! అప్పటికతను ఫోన్ల కవర్లు అమ్మే షాపులో పనిచేసేవాడు, ఆమె అంటే ప్రాణం పెట్టేవాడు, అని ఆమె ఇప్పటికీ నమ్ముతుంది. మసి చేతుల వెనకవైపుతో కళ్ళు తుడుచుకుని, ముక్కు ఎగబీల్చి, "ఏటీ నేదు బావా," అంది. అతని చేతిలో ఫోను ఆన్లో ఉంది. తెల్లారేసరికి ఆ ఏడుపును లక్షమంది చూసేశారు. ఎంత బాగా యాక్టింగ్ చేసిందో అన్నారు. కాదని చెప్పబోతే, "కాదంటే ఎవులికి లాభం?" అన్నాడు ధనరాజ్.

ఆ తర్వాత ఇంట్లోకి రింగ్ లైటు వచ్చింది. అది వెలిగితే అతని చెయ్యి ఆమె నడుము మీదికి వస్తుంది, నుదుటి మీద జుట్టు సర్దుతుంది, అన్నం ముద్ద నోటికి అందిస్తుంది. ఆరితే ఆ చెయ్యి ఫోను మీదికి పోతుంది. తినిపించిన ముద్ద నమిలి మింగేలోపే అతను పక్కగదిలో ఉంటాడు. ఆమెకు సిగ్గుగా ఉండే సంగతి ఒకటుంది, ఎవరికీ చెప్పుకోలేనిది. ఆ లైటు కోసం ఆమె ఎదురుచూస్తుంది. సాయంత్రం అతను స్టాండు సర్దుతుంటే ఆమె ఒళ్ళు ముందే మెత్తబడిపోతుంది. అబద్ధమని తెలుసు, అయినా చెయ్యి వెచ్చగానే ఉంటుంది. చున్నీ కట్టిన కడుపు మీద అతను చెవి ఆనించి వింటున్నట్టు నటించిన రోజున, కళ్ళు మూసుకుని, లోపల ఏదో కదిలిందనే అనుకుంది. ఇంతకన్నా దిగజారడం ఉంటుందా అని ఆ తర్వాత తనని తాను తిట్టుకుంది. "మొగుడు ముద్దులాడతంటే లోకవంతా సూత్తంది, ఇంకేటి కావాలే నీకు?" అంటుంది బుల్లమ్మ. అత్త అన్నదాంట్లో తప్పు వెతకడానికి కూడా ఓపిక లేదు.

లైటు లేకుండా అతను దగ్గరికి వచ్చింది ఈ మధ్య ఒక్కసారే. ఆస్పత్రి నుంచి వచ్చి వారం కాలేదు. కొన్నాళ్ళు దూరంగా ఉండమని డాక్టరమ్మ అతని ముఖం మీదే చెప్పింది. "తొందరగా ఇంకోటి అయిపోతే ఎవులికీ తెల్దు లోవా. నెలలు మనం సర్దేసుకోవచ్చు," అన్నాడు, చీర కొంగు లాగుతూ. వద్దంది. గట్టిగానే వద్దంది. అతను నవ్వాడు. ఆ యాసలో ఆమె 'ఒద్దు బావా' అంటే అతనికి కూడా నవ్వే వచ్చింది. గోడకేసి తిరిగి పడుకుని ఆ రాత్రంతా ఆమె ఒకటే అనుకుంది, నా మాటకి అర్థం ఎవరు తీసుకెళ్ళిపోయారు అని.

సీమంతం హాల్లో లైట్లు వేడిగా ఉన్నాయి. చీర తిరిగి ఇచ్చెయ్యాలి కాబట్టి ధర చీటీని రవికలోకి మడిచి పిన్ను పెట్టారు, అది వీపులో గుచ్చుకుంటోంది. షాపు మేడమ్ పలకరించడానికి వస్తుంటే ధనరాజ్ చెవిలో ఊదాడు: "మేడం ముందు ఏటి గీటి అనకు, సరిగ్గా మాటాడు." అదొకటి. కెమెరా ముందు పల్లెటూరిదానిలా ఉండాలి, కెమెరా పక్కన చదువుకున్నదానిలా ఉండాలి. రెండూ వచ్చు ఆమెకి. బడిలో తెలుగు మాస్టారు పాఠం ఎప్పుడూ ఆమె చేతే చదివించేవారు, రేడియోలో వార్తల్లా చదువుతుందని. "నమస్కారం మేడమ్, చీర చాలా బాగుంది," అంది.

రోలుగుంట నుంచి తల్లి అప్పలకొండమ్మ వచ్చింది. నెల రోజులుగా ఏదో ఒక వంక చెప్పి రానివ్వని తల్లి. తెల్లారకుండా లేచి పిండి దంచి, కొత్త బెల్లం పాకం పట్టి చలిమిడి చేసుకొచ్చింది. కూతురి బుగ్గలు పుణికి, "సిక్కిపోనావేటే గుంటా? కడుపుతో ఉన్నదానివి, తిండి తినొద్దేటి?" అంది. లోవకి తల్లి మెడ చుట్టూ చేతులేసి పడిపోవాలనిపించింది. లైట్లు వెలుగుతున్నాయి. నవ్వింది.

గాజులు తొడిగారు. పసుపు రాశారు. చలిమిడి ముద్ద కొంగులో పెట్టి ఒడి నింపారు. అప్పుడు అభిమానుల వరసలోంచి ఒకామె ముందుకొచ్చింది. కుమారి అట, ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే ఇంటి కోడలు. ఎర్రలక్క పూసిన చిన్న గిలక్కాయ లోవ చేతిలో పెట్టి, మోకాళ్ళ మీద కూచుంది. కొంగు చాచింది.

"పెళ్ళయ్యి తొమ్మిదేళ్ళయినాది నాకు. మా అత్త ఇంకో సంబంధం సూత్తంది ఆయనకి. నీ ఒడిలో సలివిడి పిసరు ఎయ్యమ్మా. సూలింత ఒడిలోది తింటే కడుపు పండుద్దంటారు. నీ సెయ్యి మంచిది, రోజూ సూత్తాను నిన్ను."

ఆమె కళ్ళలో నటన లేదు. లోవ చలిమిడి మీద చెయ్యి పెట్టింది, తీసింది. మొగుడిని మోసం చేస్తున్నవాళ్ళుంటారు, లోకాన్ని మోసం చేస్తున్నవాళ్ళుంటారు, కానీ ఇలా మోకాళ్ళ మీద కూచున్నదాన్ని ఎలా మోసం చెయ్యడం? చివరికి, తల్లి నేర్పిన మాటే వచ్చింది నోటికి.

"నా ఒడిలోది తినకమ్మా. నా కడుపులో ఏటీ నేదు."

హాలంతా గొల్లుమంది.

చప్పట్లు. ఈలలు. ఎవరో వెనకనుంచి "బావా అనలేదు, బావా అనాలి!" అని అరిచారు. షాపు మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. అప్పలకొండమ్మ కూడా నవ్వింది, కూతురు ఏదో సరసం ఆడిందనుకుని. నవ్వనిది కుమారి ఒక్కతే, ఆమె కొంగు ఇంకా చాచే ఉంది. ధనరాజ్ పరుగున వచ్చి భుజం చుట్టూ చెయ్యేశాడు. వెచ్చటి చెయ్యి. "సూపర్ లోవా! ఇంకోపాలి అను, ఈపాలి లైటు కేసి సూసి," అన్నాడు నెమ్మదిగా. పైకి మాత్రం, "ఏమైంది లవ్లీ?"

లోవ లైటు కేసే చూసింది. పుట్టుకతో వచ్చిన యాస ఇక పనికిరాదని ఆ క్షణాన తెలిసిపోయింది. అమ్మతో, అత్తతో, కడుపులో ఉన్నన్నాళ్ళు ఆ బిడ్డతో మాట్లాడిన భాషలో ఇప్పుడు ఆ బిడ్డ చావుని చెప్పుకోడానికి వీల్లేదు. ఏడుపొచ్చింది. మింగింది. బడిలో పాఠం చదివే గొంతు తెచ్చుకుంది.

"నా కడుపులో బిడ్డ లేదు. పోయిన నెలలో చనిపోయింది. ఇక్కడ ఉన్నది నా పాత చున్నీ. కెమెరా కోసం కట్టించారు. చెయ్యి తియ్యండి."

ఎవరూ నవ్వలేదు. ధనరాజ్ చెయ్యి భుజం మీదినుంచి జారింది. రేపు దీన్ని కూడా ఎవరో ముక్క కోసి పాట తగిలించుకుంటారు, ఆమెకు తెలుసు. పుట్టింటికి పోతే అక్కడి బస్టాండులోనూ ఆమెను చూసి నవ్వుతారు, అదీ తెలుసు. ఎదురుగా అప్పలకొండమ్మ చలిమిడి తెచ్చిన ఖాళీ పళ్ళెం పట్టుకుని, ఎవరో పరాయి ఆడదాన్ని చూసినట్టు కూతుర్ని చూస్తోంది.

"లోవా! ఎవులి మాటే ఇది? ఏటయ్యిందే నీకు?"

ఆ ప్రశ్నకి జవాబు అక్కడ అందరికీ వచ్చు. లోవకి కూడా నాలుక చివరిదాకా వచ్చింది. రానివ్వలేదు. చీర కుచ్చిళ్ళ వెనక చెయ్యి పెట్టి, ముడి విప్పి, ఇంకా ఒంటి వేడి ఆరని చున్నీని తీసి తల్లి పళ్ళెంలో పెట్టింది.